ముత్యమ్మ ఇచ్చిన శ్రుతి

బొల్లారంలో క్యాంటీన్ పని ముగించుకుని, కంపెనీ బస్సు దిగి వచ్చి ఎక్కడ కూర్చున్నా సరే, ముత్యమ్మ ఒంట్లోంచి ఒక స్వరం మొదలయ్యేది. నోరు మూసుకునే ఉండేది. గుండెల్లోంచి సన్నగా, తెగకుండా వచ్చేది. కూతురు సునంద పుట్టినప్పటి నుంచీ అంతే. పక్కింటివాళ్లు టీవీ సౌండు కొంచెం పెంచుకునేవాళ్లు.

జైపాల్ ఆర్కెస్ట్రా ఆ స్వరానికే శ్రుతి చేసుకునేది. ఎక్కడ ప్రోగ్రామున్నా స్టేజీ మీద ముత్యమ్మకు కుర్చీ వేసేవాళ్లు. హరినాథ్ ఆమె పక్కన వంగి వయొలిన్ బిరడలు తిప్పేవాడు. శ్రీశైలం తబలా అంచును సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. అన్నీ కలిశాక ఆమె అక్కడే కునుకు తీసేది. పాట సునందది.

ఒక ఏడు సునంద మందుల కంపెనీలో ప్యాకింగుకు కుదిరింది. అక్కడి పొడికి గొంతు బొంగురుపోయింది. చరణం ఎత్తుకున్నప్పుడల్లా పగిలేది. ముత్తంగిలో ఒక పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లిన సాయంత్రం, వైర్లు కలుపుతూనే జైపాల్ మెల్లగా చెప్పాడు.

"సునందా, ఇయ్యాలటికి పాడు. వచ్చే నెలకెల్లి సంగారెడ్డి పిల్ల వస్తది. ఏమనుకోకు."

"ఏమనుకుంటనన్నా. నాకు తెలుస్తలేదా? నా గొంతు ఆడిదాంక పోతలేదు."

కుర్చీలో ఉన్న ముత్యమ్మ విన్నది. రాత్రి షిఫ్టుకు మనిషి రాకపోతే అదీ చేసి, పొద్దుటిదీ చేసి వచ్చింది. కూతురి వైపు ఒకసారి చూసి వెనక్కి వాలింది. స్వరం మొదలైంది. ఎప్పటికన్నా చాలా కిందుంది.

హరినాథ్ కమాను ఆపాడు. "ముత్యమ్మగారూ, ఇవాళ శ్రుతి బాగా తగ్గిందండి."

"నిన్న రాత్రికెల్లి నిలవడ్డ అయ్యా. ఇగ మీదికి శాతనైతలేదు."

హరినాథ్ జైపాల్ ముఖం చూశాడు.

"ఆమె ఎంతిస్తే గంతే," అన్నాడు జైపాల్.

హరినాథ్ తీగలు వదులు చేశాడు. శ్రీశైలం సంచిలోంచి పెద్ద తబలా తీశాడు. జైపాల్ కీబోర్డు శ్రుతిని కిందికి దింపుకున్నాడు.

సునంద పాట ఎత్తుకుంది. చరణం దగ్గరికి వచ్చేసరికి భయంతో కళ్లు మూసుకుంది. గొంతు అక్కడిదాకా వెళ్లి నిలబడింది. బొంగురు అలాగే ఉంది; పాటకు అదే నిండుతనం తెచ్చింది. ప్లేట్లు పట్టుకుని తింటున్నవాళ్లు చేతులాపి విన్నారు.

ప్రోగ్రామయ్యాక జైపాల్ స్పీకర్లు ఆటోకెక్కిస్తూ, "సంగారెడ్డి పిల్లకు వద్దని ఫోన్ జేస్త," అన్నాడు. "వచ్చే నెల నువ్వు పొద్దుటి షిఫ్టు వేయించుకో."

సునంద తలూపి తల్లిని లేపింది. "అమ్మా, కావాల్ననే దించినవా?"

"నాకేమెరుక బిడ్డా. అలిసిన. చెయ్యియ్యి, లేస్త."

ఆ స్వరం మళ్లీ పైకి పోలేదు. సునంద ఇప్పటికీ పాడుతోంది.