గుండు కింది మట్టి

నార్సింగిలో ఆ విల్లాలు కట్టినవాళ్లు కొండనంతా కంకర చేసి, అందం కోసం నాలుగు గుండ్లను మాత్రం వదిలేశారు. ఆ నాలుగింటికీ ‘రాక్ గార్డెన్’ అని పేరు పెట్టి ఇళ్ల ధర పెంచారు. రాళ్లకు రాయితీ, కొనేవాళ్లకు కోత. వాటిలో ఏనుగంత గుండొకటి రాకేశ్ ఇంటి వెనక ఏటవాలు బండమీద, సరిగ్గా వాళ్లమ్మ నీలమ్మ గదికి ఎగువన కూర్చుంది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన నీలమ్మకు కిటికీలోంచి కనిపించే తోడు అదొక్కటే.

వానాకాలం మొదట్లో కాలనీ అధ్యక్షుడు రామచంద్రం శుభ్రత కార్యక్రమం పెట్టాడు. గుండ్ల కింద పేరుకున్న ఎర్రమట్టిని నీళ్ల పంపుతో కొట్టించాలన్న సలహా రాకేశ్‌దే. నాలుగు గుండ్లూ తిరుపతిలో గుండు చేయించుకొచ్చినట్టు తళతళలాడాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

బడిలో సైన్సు చెప్పే రాకేశ్ భార్య కళ్యాణి సాయంత్రం ఇంటికొచ్చి, కాలువలో కొట్టుకుపోతున్న ఆ మట్టిని గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. సగం గరుకు రవ్వ, సగం మెత్తటి బంక.

“మీరు కడిగింది మురికి కాదు,” అంది భర్తతో. “అది కుళ్లిన రాయి. గుండు దానిమీదనే కూసున్నది.”

ఎండకు ఉబ్బి, చలికి ముడుచుకుని రాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుందనీ, పగుళ్లలో దిగిన వాననీరు దాన్ని లోపల్నుంచే మట్టి చేస్తుందనీ చెప్పింది. నీరు నిలిచేది అడుగునే కాబట్టి అడుగే ముందు చివుకుతుందట. పొయ్యిమీది కుండకు ఆనించిన రాయిని లాగేసినట్టయిందన్నమాట. రాకేశ్ బండను చూసి బెండైపోయాడు.

కళ్యాణి సిందూరం నూనెలో కలిపి, గుండు మీంచి కింది బండమీదికి ఒకే నిలువు గీత గీసింది. కోడలు బండకు బొట్టు పెడుతోందని నీలమ్మ సంతోషించింది. కళ్యాణి కాదనలేదు.

ముసురు పట్టింది. శనివారం మధ్యాహ్నం రాకేశ్ తల్లికి మాత్రలిస్తూ కిటికీలోంచి చూశాడు. కింది గీత కిందే ఉంది. పై గీత రెండు వేళ్లు పక్కకు జరిగింది. గుండు కన్నా ముందు అతని గుండె జారింది.

రామచంద్రానికి ఫోన్ చేశాడు.

“జర ఆగు రాకేశ్, ఫికర్ చెయ్యకు. సోమవారం ఇంజినీరొస్తడు. వెయ్యేండ్ల సంది ఉన్న బండ రెండు దినాలు ఆగదా?”

కిటికీ చూరుమీద రవ్వ రాలుతోంది. జల్లెడ పడుతున్నట్టు సన్నటి చప్పుడు.

లేవమంటే నీలమ్మ మొండికేసింది. కదిలిస్తే తుంటి ప్రాణం తీస్తుందని ఆమె భయం. ఆ భయం రాకేశ్‌కూ ఉంది.

“మనం రాకముందు సంది గిట్లనే ఉన్నదిరా. బండకు భయపడి మంచం దిగాల్నా?”

“కాళ్లు మొక్కుతనమ్మా, లెవ్వు.”

పైన టక్కుమంది. కళ్యాణి పరుగెత్తుకొచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆమెను ప్లాస్టిక్ కుర్చీలోకి ఎత్తారు. నీలమ్మ కేకకు రాకేశ్ చేతులు సడలబోయాయి. కళ్యాణి ఆపనివ్వలేదు. హాలు దాటి, మెట్లు దిగి, వానలో గేటు దాకా మోశారు.

పెద్ద శబ్దమేమీ రాలేదు. తిరుగలి తిరిగినట్టు గరగర, ఆపైన గోడ ఊపిరి వదిలినట్టు ఒక్క మూలుగు. తెరిచిన తలుపుల్లోంచి చూస్తే, వెనక గదిలో మంచం ఉండాల్సిన చోట గుండు ఉంది.

నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్యాణి ఆమె తల తన పొట్టకు అదుముకుంది. రాకేశ్ మాత్రం చప్పట్లు గుర్తొచ్చి, ఇంటి పక్కగా పెరట్లోకి వెళ్లి మిగిలిన మూడు గుండ్లవైపు తల తిప్పాడు. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. వరుస చివరి ఇంటి పెరటి వసారాలో రామచంద్రం చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

“ఏం చప్పుడది, రాకేశ్?”

అతని తలకు ఎగువన, గుండు అడుగునుంచి ఎర్రటి నీళ్లు సన్నగా కారుతున్నాయి. రాకేశ్ చెయ్యెత్తి పైకి చూపిస్తూ అటు పరుగెత్తాడు.

రామచంద్రం నవ్వి, తనూ చెయ్యెత్తి ఊపాడు.