సీటు కింద ఎర్ర టేపు

"పళ్ళు సరిగ్గా తోమావా?"

తార్నాక స్ట్రీట్ నంబర్ త్రీలోని ఆ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం వినిపించే ప్రశ్న ఇది. అడిగేది శశిభూషణ్. అడిగించుకునేది ఆయన భార్య సుధామయి. పళ్ళు మాత్రం ఇద్దరివీ కావు, సైకిలు గేరు చక్రానివి. పాత టూత్‌బ్రష్షు గిన్నెల సబ్బులో ముంచి ఒక్కో పన్నూ తోమాలి. ఆయన తన నోట్లో పళ్ళు చూపించుకుని నాలుగేళ్ళయింది గానీ సైకిలు పళ్ళకి మాత్రం వారం వారం చెకప్. "నీ చేతిలో ఓర్పుందోయ్, నాకా ఓర్పు లేదు" అని ఒక మెచ్చుకోలు పడేసి, పైకెళ్ళి పడుకుంటాడు. అమృతమంటి పిల్ల అని పుట్టింటివాళ్ళు సుధామయి అని పేరు పెడితే, అత్తింటికొచ్చాక అది శుద్ధామయి అయి కూర్చుంది.

సైకిళ్ళు రెండు. ఒకటి లావు టైర్లది, కొండలూ గుట్టలూ ఎక్కడానికి. కీర్తిశేషులు కొండలరావుగారి ఏకైక పుత్రుడు కదా, కొండలంటే పిత్రార్జితం అనుకుంటాడు. రెండోది సన్న టైర్లది, రోడ్డు మీద ఈలలా దూసుకుపోవడానికి. పదిమందిలో తను మౌంటెన్ బైకర్‌నని చెప్పుకుంటాడు గానీ, రోడ్డు బైకు మీదా తక్కువ మోజేం లేదు. ఒక వారం మట్టి, ఒక వారం తారు. మట్టి వారం బురద కడగాలి, తారు వారం నూనె జిడ్డు కడగాలి. వారాలు మారతాయి, కడిగే చెయ్యి మారదు.

ఆయనకో గ్రూపుంది. అయిదుగురు. ఆదివారం పొద్దున్న ఆరింటికి వీళ్ళ సెల్లార్‌లోనే బయల్దేరి, ఎనిమిదిన్నరకి అక్కడికే తిరిగొస్తారు. అప్పటికి ఇడ్లీ, అల్లప్పచ్చడి, కాఫీ కిందికి దిగి ఉండాలి. ఆ టిఫినుకి వాళ్ళు పెట్టుకున్న పేరు బ్రేక్‌ఫాస్టు. బ్రేకు వాళ్ళది, ఫాస్టు సుధామయిది. వాళ్ళు తిన్నాక గిన్నెలు పైకి మోసుకెళ్ళి తను తినేసరికి పదిన్నర. ఒకసారి టిఫినుకి సెల్లార్‌లో వేసుకున్న కుర్చీల మధ్య శశిభూషణ్ చెయ్యి ఊపుతూ అన్నాడు, "లావుది పెద్దిల్లు, సన్నది చిన్నిల్లు! రెండిళ్ళ పూజారిని మరి!" అందరూ పడీపడీ నవ్వారు. పచ్చడి వడ్డిస్తున్న సుధామయి కూడా నవ్వింది, నవ్వకపోతే బావుండదని. ఇంతకీ తను ఏ ఇల్లో అని మెట్లెక్కుతూ ఆలోచించుకుంది. పైకెళ్ళాక జవాబు దొరికింది. వంటిల్లు.

ఆమె క్యాంపస్‌లో, యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరో తీసి ఎక్కడో పడేసిన పుస్తకాన్ని తీసుకెళ్ళి దాని చోట దాన్ని పెట్టడమే ఉద్యోగం. ఇంటికొస్తే అదే ఉద్యోగం ఓవర్‌టైము. ఏసీ ఆయన అంకె మీద ఉండాలి, టీవీ శబ్దం అత్తగారు శ్యామలాంబ చెవికి తగ్గట్టు ఉండాలి, సాంబార్లో ఉప్పు ఆవిడ నాలిక గీసిన గీత దగ్గర ఆగాలి. సుధామయి ఏ వస్తువు వాడుకున్నా, వాడుకున్న జాడ లేకుండా మళ్ళీ వాళ్ళ గీత దగ్గరికి చేర్చాలి.

లావు సైకిలుకీ ఒక గీత ఉంది. సీటు కింది గొట్టానికి శశిభూషణ్ ఎర్ర టేపు చుట్టాడు. "ఇది నా ఎత్తు. ఇది కదిలితే మోకాళ్ళు పోతాయి" అని సెల్లార్‌లో అందరికీ ప్రకటించాడు. కారిడార్లు ఊడ్చే బుచ్చవ్వకి విడిగా ఇంకోసారి చెప్పాడు.

ఆ గీతని సుధామయి ఎనిమిది నెలలుగా దాటుతోంది. ఒక ఆదివారం చెయిను తోమాక సరిగ్గా తిరుగుతోందో లేదో చూద్దామని ఎక్కి, స్తంభాల మధ్య ఒక చుట్టు చుట్టింది. అంతే. తెనాలిలో కాలేజీకి సైకిలు మీద వెళ్ళిన కాళ్ళు, "మన ఇళ్ళల్లో కోడళ్ళు సైకిళ్ళెక్కరమ్మాయ్" అని శ్యామలాంబ అన్ననాడు నేల మీద పెట్టిన కాళ్ళు, ఇరవై రెండేళ్ళ తర్వాత నేల వదిలాయి. అప్పట్నుంచి మంగళ, గురువారాలు తెల్లవారే వేళ వాకింగ్ అని చెప్పి కిందికి దిగేది. "మంచిదే, కాస్త తగ్గు" అన్నాడాయన దుప్పట్లోంచి. సీటు మీట వదులు చేసి నాలుగు వేళ్ళు కిందికి దించడం, క్యాంపస్‌కి పోవడం, ఆర్ట్స్ కాలేజీ దాటి బండరాళ్ళ మధ్య మట్టిదారిలో పడటం. తిరిగొచ్చాక టైర్లు తుడవడం, సీటు మళ్ళీ ఎర్ర టేపుకి ఎత్తడం. మొదటిరోజు సెల్లార్‌లోంచి రోడ్డు మీదికెళ్ళే ఎక్కుడు మీద సగంలో ఆగిపోతే, బుచ్చవ్వ చీపురు పడేసి వెనకనుంచి నెట్టింది. "తొక్కమ్మా, తొక్కు, నేనున్న గద!" అంది. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పోయిన గురువారం తిరిగొచ్చి, సీటు ఎత్తుదామని మీట మీద చెయ్యి వేసిందో లేదో ఫోను మోగింది. అత్తగారు. "అమ్మాయ్, గీజరు వెయ్యకుండానే వెళ్ళావేంటి? నా స్నానం సంగతేంటి?" సుధామయి పరిగెత్తింది. సీటు దించిన చోటే ఉండిపోయింది.

ఆదివారం ఆరింటికి, మట్టి వారం కావడంతో, శశిభూషణ్ హెల్మెట్ బిగించి, నలుగురి ముందూ దర్జాగా లావు సైకిలెక్కాడు. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలినంత పనయింది.

"ఏం బాసూ, పిల్లల సైకిలు కొన్నావా?" అన్నాడు గ్రూపులోని సైమన్. సెల్లార్ మొత్తం ఘొల్లుమంది.

సైకిలు దిగిన శశిభూషణ్ మొహం టేపు రంగుకి తిరిగింది. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని? బుచ్చవ్వా! ఇలా రా!"

"నేనెందుకు ముడత సారూ? దాని కీలు నాకేం ఎరుక?"

"ఇంకెవరున్నారిక్కడ? పొద్దున్నే సెల్లార్‌లో ఉండేది నువ్వే కదా? చెప్పినా వినని మనిషితో ఎలా? ఇవాళే అసోసియేషన్‌లో చెప్తా. వేరే మనిషిని చూసుకుంటారు."

"గట్లనకు సారూ. పదకొండేండ్ల సంది ఊడుస్తున్న, ఒక్క చెప్పు జరపలే." చీపురు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. కాఫీ ఫ్లాస్కుతో దిగి వస్తున్న సుధామయి వైపు ఒక్కసారి చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. పేరు చెప్పదు. ఉద్యోగం పోయినా చెప్పదు.

సుధామయి ఫ్లాస్కు కింద పెట్టింది. "సీటు దించింది నేను."

"నువ్వా?" శశిభూషణ్ ఊపిరి వదిలి నవ్వాడు. "ఓహో, కడగడానికా? ముందే చెప్పొచ్చు కదోయ్! పాపం, అనవసరంగా దాన్ని అన్నాను."

ఎంత సులువుగా తలుపు తీసిపెట్టాడు! అవునండీ, కడగడానికే, అంటే చాలు. బుచ్చవ్వ చీపురు బుచ్చవ్వకి దక్కుతుంది, మంగళ గురువారాలు తనకి దక్కుతాయి, ఇడ్లీలు ఎనిమిదిన్నరకి దిగుతాయి. అంతా దాని చోటికి అది చేరిపోతుంది. చేర్చడంలో తనంత నేర్పరి ఇంకొకరు లేరు. నాలిక మీదికి వచ్చేసిన "అవునండీ"ని సుధామయి అలాగే మింగేసింది. కషాయం కూడా అంత చేదుగా ఉండదేమో.

"కడగడానికి కాదు. తొక్కడానికి."

"ఏం తొక్కడానికి?"

"సైకిలే. ఇడ్లీ పిండి కాలితో తొక్కరు కదా!"

సైమన్ గబుక్కున నవ్వి, మిత్రుడి మొహం చూసి ఆపుకున్నాడు. "ఎక్కడ తొక్కుతారు వదినగారూ?"

"మీరు వెళ్ళేచోటే. ఆ బండరాళ్ళ దిగుడులో."

"అక్కడా?" శశిభూషణ్ కళ్ళు పెద్దవి చేశాడు. "అది ఎలాంటి దిగుడో తెలుసా? మాకే..."

"తెలుసు. మీరక్కడ దిగి సైకిలు నడిపించుకుంటూ పోతారు. నేను చూడలేదు, మీ బూట్లు చెప్పాయి. తొక్కేవాళ్ళ బూటు అడుగున మట్టి ఉండదండీ. ప్రతి మట్టి వారం మీ బూట్లలోంచి పుల్లతో మట్టి పెకలించేది నేనే కదా. కడిగేవాళ్ళ దగ్గర ఏదీ దాగదు."

అయిదుగురూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు.

శశిభూషణ్ తేరుకున్నాడు. ఆఫీసులోనే కాదు, తేరుకోవడంలోనూ మేనేజరే. గొంతు పెద్దమనిషిలా దించి, "సరేలే, తప్పేముంది? నేను మాత్రం కాదంటానా? తొక్కుకో. కాకపోతే నీ పని అయ్యాక సీటు మళ్ళీ నా టేపు దగ్గరికి పెట్టెయ్. అంతే నేనడిగేది" అన్నాడు.

అంతే అడిగేది. ఇరవై రెండేళ్ళుగా అందరూ అంతే అడిగారు. వాడుకో, వాడుకున్నట్టు కనపడకు. ఈ ఇంట్లో ఉండు, ఉన్నట్టు గుర్తు పెట్టకు. సుధామయి కోపం వస్తుందేమో అనుకుంది, రాలేదు. ఆదివారం తోముడు అయిపోయాక చేతులు కడుక్కుంటే ఉంటుందే, అలాంటి తేలిక వచ్చింది.

"మీకు రెండున్నాయి" అంది. "చిన్నిల్లు మీరుంచుకోండి. ఈ పెద్దిల్లు నాది."

సీటు గొట్టం ముందు కూర్చుని, మీట వదులు చేసి గొట్టం పైకెత్తి, ఎర్ర టేపు కొస గోటితో లేపి, ఒక్క లాగు లాగింది. సీటు మళ్ళీ నాలుగు వేళ్ళు దించి, తన ఎత్తు దగ్గర చుట్టి, బొటనవేలితో అదిమింది. మీట బిగించింది. చున్నీ నడుముకి ముడి వేసుకుంది.

"సుధా, ఇవాళ మట్టి వారం! సన్న టైర్లతో రాళ్ళలోకి ఎలా వెళ్ళను?"

"రోడ్డు మీద వెళ్ళండి. బోలెడు రోడ్డుంది, ఉప్పల్ దాకా."

"మరి ఇడ్లీలో?"

"పిండి ఫ్రిజ్‌లో ఉంది, పళ్ళెం స్టవ్వు కింద. పళ్ళు తోమే బ్రష్షు కుళాయి దగ్గర. బుచ్చవ్వకి సారీ చెప్పి మొదలుపెట్టండి, అన్నీ తేలిగ్గా అవుతాయి."

పైనుంచి శ్యామలాంబ పిలుస్తోంది, "అమ్మాయ్, కాఫీ!" సుధామయి ఫ్లాస్కు తీసి శశిభూషణ్ చేతిలో పెట్టి, సైకిలెక్కింది. కాళ్ళు రెండూ సరిగ్గా అందాయి. వెనక ఎవరో ఏదో అన్నారు, వినిపించుకోలేదు. గేరు తగ్గించి సెల్లార్ ఎక్కుడు అందుకుంది. సగంలో, ఆ మొదటిరోజు ఆగిపోయిన చోట, చక్రం కాస్త తడబడింది. నెడదామని బుచ్చవ్వ రెండడుగులు ముందుకు వేసి, అక్కర్లేదని ఆగిపోయింది.