లింబాద్రి చెప్పాల్సిన జవాబు

నేను ఒక దర్జీ కత్తెరను. నా పుట్టుక ఏమంత గొప్పది కాదు. విరిగిపోయిన లారీ కమాన్ పట్టీని ఎవరో కమ్మరి కొలిమిలో కాల్చి, సాగ్గొట్టి, సానబట్టి రెండు రేకులు చేశాడు. మధ్యలో ఒక మేకు దిగ్గొట్టాడు. జనం అన్నదమ్ములను నాతో పోలుస్తుంటారు. నాకు నవ్వొస్తుంది. నా రేకులు ఏనాడూ అలిగి ఎదురెదురుగా దుకాణాలు పెట్టుకోలేదు.

ఆ పని నా యజమాని కొడుకులు చేశారు. ఆర్మూరు బజారులో మేర రాజన్న అనే దర్జీ నన్ను కొన్నాడు. ఇరవై ఏళ్లు నాతో లాల్చీలు, బడిపిల్లల లాగులు కోసి, పోయేముందు నన్ను పెద్దకొడుకు లింబాద్రికి ఇచ్చాడు. చిన్నకొడుకు దత్తాద్రి కొన్నాళ్లు అన్న పక్కనే మిషన్ తొక్కాడు. తొమ్మిదేళ్ల కింద రోడ్డుకు అవతల రెడీమేడ్ దుకాణం తెరిచాడు.

"బట్ట కోసే చేతులు ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లు చింపుతున్నయ్" అని లింబాద్రి గిరాకుల ముందే ఎద్దేవా చేశాడు.

"నీ కత్తెరకు తుప్పు పట్టే రోజులొచ్చినయే అన్నా!" అని తమ్ముడు అవతలి నుంచి కేకేశాడు.

వాళ్ల కొట్లాటలోకి నన్నెందుకు లాగారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజుతో మాటలు బందు. రోడ్డు వెడల్పు ఇరవై అడుగులు. తొమ్మిదేళ్లలో ఇద్దరిలో ఒక్కడూ దాటలేదు.

పోయినేడు దత్తాద్రికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. భార్య రుక్మ తన కిడ్నీ ఇస్తానంటే ఆమె రక్తం కలవలేదు. ఆమె మా దుకాణం గడప దగ్గర నిలబడి, "బావా, ఒక్కసారి పరీక్ష చేపిచ్చుకో. నీ కాళ్లు మొక్కుత" అంది. లింబాద్రి కాదనలేదు. కలవదులే అన్న ధైర్యంతో పట్నం పోయాడు. అన్నీ కలిశాయి. తొమ్మిదేళ్లుగా ఒక్క మాటకు కలవనివాళ్ల నెత్తురు కలిసింది.

తిరిగొచ్చిన రోజు కటింగ్ బల్ల దగ్గర కూర్చుని భార్య సుగుణకు చెప్పాడు. "డాక్టరమ్మ నన్నొక్కన్నే లోపలికి పిలిచింది. 'ఎవరన్నా బలవంతపెట్టిన్రా? ఇష్టం లేకుంటే మాకు చెప్పుండ్రి. మీది సరిపోదని మాత్రమే వాళ్లకు చెప్తం, అసలు సంగతి బయటికి రాదు' అన్నది. సోమవారం ఫోన్ చెయ్యాలె."

సుగుణ ముఖం విచ్చుకుంది. "మరింకేంది? దేవుడే దారి చూపెట్టిండు. సరిపోదని చెప్పమను."

"అంటే నేను ఇయ్యనన్నట్టు ఎవ్వరికీ తెల్వదు."

"తెల్వద్దు! పొద్దంతా నిలబడి కోసేటోనివి. రేపు నీకేమన్నా అయితే నాకెవరు దిక్కు? వాడొస్తడా రోడ్డు దాటి?"

లింబాద్రి లేచాడు. నన్ను తీసుకుని ఎవరిదో ప్యాంటు గుడ్డ రెండంగుళాలు తక్కువ కోశాడు. తర్వాత నన్ను బల్ల మీద విసిరికొట్టి, "ఈ కత్తెర మొద్దుబారింది" అన్నాడు. కొలత తప్పితే నేరం ఇనుముది. మనుషుల న్యాయమే అంత.

నేను ఇన్నేళ్లలో వేల తానులు కోశాను. కోయనా అని ఏ గుడ్డనూ ఎవరూ అడగలేదు. లింబాద్రిని మాత్రం అడిగారు. కాదనడానికి చాటు కూడా చూపించారు. అతని నిద్ర పాడుచేసింది ఆ చాటే. జనం తిడతారన్న భయం ఉంటే ఇచ్చేసి వాళ్ల మీద పడి ఏడ్చేవాడు. ఇప్పుడు ఎవరి మీద ఏడవాలి?

శనివారం పొద్దున రుక్మ ఒక చొక్కా పట్టుకుని వచ్చింది. వెనకే దత్తాద్రి. నల్లబడ్డ ముఖం, ఉబ్బిన కాళ్లు. రోడ్డు దాటడానికే ఆయాసపడ్డాడు.

"బావా, డయాలిసిస్‌ల సూదులు గుచ్చనీకి ఎడమచెయ్యి పైదాంక తెరవాలె. మా దుకాణంల ఏ చొక్కా అట్ల లేదు. పొడుగునా కోసి గుండీలు పెట్టియ్యి" అంది.

లింబాద్రి తమ్ముణ్ని చూడకుండా ఆమెతోనే, "చెయ్యి చాపమను" అన్నాడు.

దత్తాద్రి చాపాడు. నరం పాములా లేచి ఉంది. టేపు చుట్టిన లింబాద్రి వేళ్లు టక్కున ఆగిపోయాయి.

"ఇదేందమ్మా? లోపల మిషన్ నడిచినట్టు కొట్టుకుంటున్నది?" మళ్లీ రుక్మనే అడిగాడు.

"రెండు నరాలు కలిపి కుట్టిన్రు, అట్లనే కొట్టుకుంటది" అన్నాడు దత్తాద్రి, టేపును చూస్తూ. "అది ఆగిపోతే ఇంకో దిక్కు కుట్టాలె. రుక్మా, గీసారి కొలత జర వదులు పెట్టమను. రోజురోజుకు ఉబ్బుతున్నది."

ఇద్దరూ ఒకే ఆడమనిషిని అడ్డం పెట్టుకుని మాట్లాడుకున్నారు. ఆమె నవ్వాలో ఏడవాలో తెలియక సుద్దముక్కను అటూ ఇటూ జరిపింది. వాళ్లు పోయాక కూడా లింబాద్రి టేపును వేళ్లకు చుట్టుకునే కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మెత్తని తెల్లగుడ్డ పరిచాడు. తన నడుము తానే కొలుచుకుని, రెండంగుళాలు కలిపి, సుద్దతో గీసి, నన్ను పట్టుకున్నాడు. ఈసారి కోత గీత తప్పలేదు. పైజామా కోశాడు. నాడా రంధ్రం ముందు పెట్టకుండా కుడిపక్కకు గుర్తు పెట్టాడు.

సుగుణ చూసింది. "ఎవరిదిది? నాడా పక్కకెందుకు?"

"నాదే. ఎడమదిక్కు కోస్తరట. ముడి కుట్ల మీద ఒత్తుకోవద్దు."

ఆమె ఆ గుర్తును వేలితో తడిమింది. తర్వాత, "నన్నొక్కమాట అడిగినవా?" అంది.

"అడిగితే వద్దంటవ్."

"అంటనే! రేపటిసంది వాడు నిన్ను పలకరియ్యకపోతే?"

"నేను పలకరిస్తనని ఎవరన్నరు?"

కిడ్నీ ఇచ్చాక కొన్ని నెలలు బరువు పట్టొద్దని డాక్టరమ్మ ముందే చెప్పిందట. నన్ను కూడా పట్టొద్దు. నా మేకుకు నూనె వేసి, గోనెపట్టాలో చుట్టి సొరుగులో పెట్టాడు. తర్వాత ఏమవుతుందో, ఆ బల్ల దగ్గరికి మళ్లీ ఎవరు వస్తారో నాకు తెలియదు.

సొరుగు మూసే ముందు సుగుణ గొంతు వినిపించింది. "ఇటియ్యి ఆ గుడ్డ. నీకు చిన్న కుట్టు రాదు."

ఆమె మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నాలుగు గజాలు కూడా లేని కుట్టు అది. మధ్యలో మిషన్ మూడుసార్లు ఆగింది. దారం తెగి కాదు.