ఆదివారం పప్పు

పప్పు బాగాలేదని దీపక్ మాస్టారు ఏనాడూ అనడు. అంత మర్యాదస్తుడు. అన్నం కలుపుతుంటే ఉడకని బద్ద వేలికి తగిలిందనుకోండి, దాన్ని నెమ్మదిగా తీసి కంచం అంచున పెడతాడు. రెండోదాన్ని దాని పక్కన పెడతాడు. మూడోదాన్ని దాని పక్కన. బడిలో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా వరస తప్పవు. భోజనం పూర్తయ్యేసరికి కంచం చుట్టూ సగం దాకా ప్రహరీ లేస్తుంది. అప్పుడు చెయ్యి కడుక్కుంటూ, ఎవరితోనూ కానట్టు, "పప్పు కొంచెం పలుకుగా ఉన్నట్టుంది" అంటాడు.

ఆ కంచం తీసేది ప్రసన్న. లెక్కపెట్టకూడదని అనుకుంటూనే లెక్కపెడుతుంది. ఏం చేస్తుంది, లెక్కపెట్టడమే ఆమె ఉద్యోగం. ఆ రోజు పద్ధెనిమిది.

అత్తగారు హన్నమ్మగారు కుర్చీలోంచే తీర్పు చెబుతారు. "చేతి చలవ ఉండాలమ్మా. అది నేర్పితే వచ్చేది కాదు. పైగా కాలవలో పురుగులేరే చెయ్యాయె."

మావగారు ఏసుపాదంగారికి కోడలంటే జాలి. ఆ జాలిని ఆయన కోతల రూపంలో చూపిస్తారు. "మీ అత్త కాపరానికొచ్చిన కొత్తలోనమ్మా, పప్పు పొయ్యెక్కించే పనే లేదు. గిన్నెలో నీళ్ళు పోసి, అదిగో పొయ్యి అని చూపించేది. ఆ భయానికే మెత్తబడిపోయేది. ఓసారి వంతెన మీంచి కందిపప్పు బస్తా జారి కాలవలో పడిపోయింది. అల్లవరం చేరేసరికి ఉడికిపోయిందట. అక్కడి వాళ్ళు ఒడ్డున కూర్చుని, తాలింపేసుకుని తినేసేరు."

అందరూ నవ్వుతారు. ప్రసన్న కూడా నవ్వుతుంది. నవ్వకపోతే మనసులో పెట్టుకుందంటారు.

హన్నమ్మగారి చేతి చలవకి సాక్ష్యం లేకపోలేదు. వారానికి ఆరు రోజుల వంట ప్రసన్నది. ఆదివారం గుడి నుంచి వచ్చాక పప్పు మాత్రం అత్తగారిది. ఆ పప్పు వెన్నలా ఉంటుంది. ఆ రోజు దీపక్ కంచం అంచు అద్దంలా మెరుస్తుంది. అదే కందిపప్పు, అదే కుక్కరు, అదే బోరు నీళ్ళు. మూడేళ్ళుగా ప్రతి సోమవారం పొద్దున కుక్కరు మూత బిగించేటప్పుడు ప్రసన్న తన చేతుల వంక ఓసారి చూసుకుంటుంది. ఇందులో ఏం లేదు, ఆ చేతుల్లో ఏం ఉంది అని. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన మనిషి చలవని నమ్మకూడదు. కానీ మూడేళ్ళపాటు రోజూ చెబితే, తనకి ఆరు వేళ్ళున్నాయన్నా మనిషి నమ్ముతుంది.

ఆమెది నీటి పరీక్షల ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. పదిహేను రోజులకోసారి స్కూటీ వెనక ఐసు పెట్టె కట్టుకుని, మంచినీళ్ళు దిగే లాకు గేట్ల దగ్గర మొదలుపెట్టి, మురుగు కాలవ వెంట సముద్రపు మొగ దాకా ఆరు చోట్ల ఆగాలి. ఆఫీసు వాళ్ళు వాటిని పాయింట్లంటారు. ఒక్కో చోట సీసా ముంచాలి, మీటరు పెట్టి ఉప్పెంతో చూడాలి, గుప్పెడు బురద తీసి తెల్ల పళ్ళెంలో పరిచి, అందులో కదిలేవాటిని ఏరి లెక్కపెట్టాలి. ఫారంలో చివరి గడి పేరు 'కనిపించిన జీవులు'. లాకు దగ్గర ఆ గడి చాలేది కాదు. నత్తలు, రొయ్యపిల్లలు, తూనీగ పిల్లలు, ఈకల్లాంటి తోకలున్న ఏవేవో పురుగులు, పదకొండు రకాల దాకా తేలేవి. రొయ్యల చెరువుల తూములన్నీ వచ్చి కలిసే నాలుగో పాయింటు దగ్గర మాత్రం ఆ గడిలో ఒకటే మాట రాసేది: ఎర్ర పురుగు. ఊపిరాడని నీళ్ళలో బతకడం నేర్చుకున్నది అదొక్కటే. పళ్ళెంలో మెలికలు తిరుగుతున్న దాన్ని చూస్తూ, నీకెలా అలవాటైందే అని ప్రసన్న ఒకటి రెండుసార్లు అడిగింది. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి పరవాలేదు. చెప్పిందా అంటే చెప్పలేదు. అలవాటైన వాళ్ళెవరూ చెప్పరు.

నాలుగో పాయింటు ఉప్పు అంకెలు నెలనెలా పెరుగుతుంటే ఆఫీసులో ఆమె పైనున్న బుజ్జిబాబుగారు ఒకరోజు ఆమెని పిలిచి కూర్చోబెట్టాడు. టీ కూడా తెప్పించాడు.

"మీరెప్పుడూ ఆ తూముల పక్కనే ముంచుతున్నారండి. అక్కడ ముంచితే అలాగే వస్తుంది మరి. నాలుగో పాయింటుని కాస్త పైకి, లాకు దాకా జరపండి."

"అక్కడ ఒకటో పాయింటు ఉందండి."

"ఉంటే ఏమైందండి. ఒకదానికొకటి తోడుంటాయి." ఆయన టీ గుటకేసి మెల్లగా అన్నాడు. "నీళ్ళు మార్చడం మన చేతుల్లో లేదు కదండి. పాయింటు మార్చడమైతే ఉంది."

కాంట్రాక్టు ప్రతి మార్చికీ కొత్తగా రాయాలి. రాసేది ఆయన. ఆ నెల నుంచి నాలుగో పాయింటు లాకు పక్కకి చేరి, పదకొండు రకాల పురుగులతో, పిల్లాపాపలున్న ఇల్లులా కళకళలాడింది. నీటి నాణ్యత సంతృప్తికరం అని రిపోర్టు వచ్చింది. దాన్ని పంచాయతీ గోడకి అంటించేరు. కింద ప్రసన్న సంతకం.

ఒక సాయంత్రం, మీటరు ఆఫీసులో అప్పగించకుండా ఇంటికి తెచ్చింది. పప్పు కడగడానికి పట్టిన బోరు నీళ్ళలో ముంచింది. లాకు దగ్గర మూడొందలు చూపించే మీటరు నాలుగు వేల రెండొందల దగ్గర ఆగింది. ప్రసన్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముందు ఆమెకి వచ్చింది భయం కాదు, సంతోషం. నవ్వకండి. ఊరి కిందికి ఉప్పు వచ్చేసిందని తెలిసిన మనిషికి సంతోషం రాకూడదు, నిజమే. కానీ మూడేళ్ళుగా చెడ్డవనిపించుకున్న రెండు చేతులు ఆ క్షణాన ఆమెకి తిరిగొచ్చేయి.

"ఏమండీ, నా చెయ్యి కాదండి, నీళ్ళు. ఇంత ఉప్పులో పప్పు ఉడకదు" అంది, మీటరు దీపక్ ముందు పెట్టి.

దీపక్ లెక్కల మాస్టారు. మీటరు చూసేడు, భార్యని చూసేడు. "నీళ్ళు బాగున్నాయని పంచాయతీ గోడ మీద ఉంది. కింద సంతకం నీదే. అది అబద్ధమా, ఇది అబద్ధమా?"

ఆమె నాలుగో పాయింటు సంగతి చెప్పబోయింది. నాలుగో పాయింటు తూముల్లో ఒకటి వీళ్ళ సొంత ఎకరంలోదే. ఆ ఎకరం కేశవరావుగారికి రొయ్యల చెరువుకి కౌలుకిచ్చింది దీపకే. చెప్పడం సగంలో ఆగిపోయింది.

"సరే, నీళ్ళే అనుకుందాం" అన్నాడు దీపక్, నిదానంగా, వెనకబెంచీ పిల్లవాడికి చెప్పినట్టు. "మరి ఆదివారం మా అమ్మ వండితే అవే నీళ్ళు ఏమవుతున్నాయి?"

ప్రసన్న సంతకం ప్రసన్నకే అడ్డం నిలబడింది. అత్తగారి పప్పు ఇంకోవైపు నిలబడింది. మీటరు ఆపేసి సంచిలో పెట్టుకుంది. మర్నాడు పొద్దున మళ్ళీ తన చేతుల వంక చూసుకుంది.

దీపక్ ప్రశ్నకి జవాబు మంగరాజు కొట్లో దొరికింది. వంటసోడా వేస్తే ఎంత గట్టి పప్పయినా లొంగుతుందని ఎక్కడో విని, సిగ్గుపడుతూ వెళ్ళింది. ఇంకా నోరు తెరవలేదు, మంగరాజు కాగితం పొట్లం బల్ల మీద పెట్టేసేడు.

"మీరింకా రాలేదేమిటా అనుకుంటున్నానండి" అన్నాడు గొంతు తగ్గించి. "సోడాయే కదండి? ఎవరికీ చెప్పన్లెండి. దుర్గగారు కూడా అదే మాట తీసుకున్నారు. సత్యవేణిగారైతే పిల్లల మీద ఒట్టు వేయించుకున్నారు. మీ వీధి వీధంతా ఒట్లేనండి నాకు. నేనెత్తే సోడా బస్తాలు చూసి కాకినాడ షావుకారు, ఏవండీ మంగరాజుగారూ, బజ్జీల ఫ్యాక్టరీ పెట్టేరా అనడిగేడు."

ప్రసన్న పొట్లం సంచిలో వేసుకుంది.

"మీ అత్తగారు మటుకు పాత ఖాతా అండి" అన్నాడు మంగరాజు, ఇంకా గొంతు తగ్గించి. "ఎనిమిదేళ్ళుగా ప్రతి శనివారం. ఈ సంగతి మీరు నా నోట విన్లేదు."

ఇంటికి నడుస్తూ ఆమె ప్రతి గుమ్మం వంకా చూసింది. దుర్గగారి వంటిల్లు, సత్యవేణి వంటిల్లు, ఆ పక్కన సూరమ్మగారి వంటిల్లు. ఒక్కొక్క వంటింట్లో ఒక్కొక్క పొట్లం, డబ్బాల వెనక. ఇంతమంది ఆడవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు, పాడైన నీళ్ళని చిటికెడు చిటికెడుగా బాగుచేస్తున్నారు. తప్పు నీళ్ళదని ఎవరికీ తోచలేదు. తోచకుండా పెంచేరు. నీళ్ళు చెడితే ఊరు మాట్లాడుతుంది, పప్పు చెడితే కోడలు వింటుంది. అందుకే ఇన్నేళ్ళలో బోరు నీళ్ళ మీద పంచాయతీలో ఒక్క అర్జీ లేదు. ఏ ఇంట్లోనూ మగవాడికి పలుకు తగల్లేదు, ఇంక ఎవడు పెడతాడు అర్జీ? తగిలింది దీపక్ ఒక్కడికే. తన చేతకానితనం పుణ్యమా అని, ఊరు మొత్తం మీద ఉన్నదున్నట్టు ఉడికిన పప్పు తన ఇంట్లోదే. ఈ ఆలోచన వచ్చి ఆమె రోడ్డు మధ్యలో నవ్వింది. తర్వాత ఏడుపొచ్చింది. పొట్లం విప్పకుండానే డబ్బా వెనక పెట్టింది.

ఆ శనివారం పైనుంచి ఆఫీసరుగారు వచ్చేరు. కింది ఊళ్ళో కొబ్బరిచెట్లు మాడుతున్నాయని ఎవరో అర్జీ పెడితే విచారణ. బుజ్జిబాబు ఆయన్ని లాకు దగ్గరికి తీసుకెళ్ళి ఒకటో పాయింటూ, నాలుగో పాయింటూ చూపించేడు. రెండూ ఒక్క చూపులోనే అయిపోయేయి. కేశవరావుగారింట్లో భోజనమైతే చూసేవాళ్ళకి బాగోదని మాస్టారింట్లో పెట్టేరు. కేశవరావుగారు కూడా వచ్చి బంతిలో కూర్చున్నారు.

"ఇవాళ పరువు నిలబెట్టు" అన్నాడు దీపక్, ప్రసన్నతో.

ఆమె డబ్బా వెనక నుంచి పొట్లం తీసింది. కాసేపు పట్టుకుంది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఆ పొట్లం వంకే చూస్తున్నారని అప్పుడు గమనించింది. ఆ మంగరాజు కాగితాన్ని హన్నమ్మగారు పోల్చకుండా ఉంటారా. ప్రసన్న పొట్లం తిరిగి డబ్బా వెనక పెట్టి కుక్కరు మూత బిగించింది.

అతిథుల మూడు కంచాల అంచున మూడు ప్రహరీలు లేచేయి. ఆఫీసరుగారిది అన్నిటికన్నా పొడుగు.

"ఉద్యోగం చేసే అమ్మాయి కదండి, వంటకి తీరికెక్కడిది" అని కేశవరావుగారు సర్దిచెప్పేరు.

"ఇక్కడ నీళ్ళెలా ఉన్నాయమ్మా?" అడిగేరు ఆఫీసరుగారు.

"సంతృప్తికరమండి" అన్నాడు బుజ్జిబాబు.

ప్రసన్న గరిటె పట్టుకుని ఆఫీసరుగారి దగ్గరికి వచ్చింది. "ఇంకొంచెం పప్పు వెయ్యమంటారా అండి?"

ఆయన గబుక్కున కంచానికి చెయ్యి అడ్డం పెట్టేరు. తర్వాత దీపక్ వైపు తిరిగి, "ముందురోజే నానబెట్టుకోమనండి" అన్నారు. ఆ సలహా ఆమె భుజం మీంచి వెళ్ళి దీపక్‌కి చేరింది. దీపక్ తల ఊపేడు. విచారణ అయిపోయింది.

మర్నాడు ఆదివారం. హన్నమ్మగారి పప్పు వెన్నలా ఉంది. దీపక్ రెండోసారి వడ్డించుకున్నాడు. నిన్నటి అవమానం ఇంకా దిగలేదు.

"చూసేవా. అదే పప్పు, అవే నీళ్ళు. అమ్మ చెయ్యి తగిలేసరికి ఎలా ఉందో."

"ఆయ్, మీ అమ్మ చేతి సంగతి నీకేం తెలుసురా" అని ఏసుపాదంగారు అందుకున్నారు. "కాపరానికొచ్చిన కొత్తలో పొయ్యి చూపిస్తే చాలు..."

ప్రసన్న అత్తగారి కొంగు చివర పొట్లమంత ముడి వంక చూసింది. నోటి దాకా వచ్చింది. ఒక్క మాట అంటే మూడేళ్ళ ప్రహరీలన్నీ కూలిపోతాయి. వాటి కింద ముందు పడేది ఈ ముసలావిడ. ఆ ముడిని ఎనిమిదేళ్ళు మోసిన భయం ఎలాంటిదో ప్రసన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాట మింగేసి నీళ్ళు తాగింది. ఇన్నేళ్ళూ అలవాటై తెలియలేదు గాని, నీళ్ళు ఉప్పగా ఉన్నాయి.

"నా చెయ్యి కాదురా" అన్నారు హన్నమ్మగారు, కంచంలోంచి తలెత్తకుండా. "సోడా."

ఏసుపాదంగారి ముద్ద గాల్లో ఆగింది. దీపక్ తల్లిని చూసేడు, పప్పుని చూసేడు.

"ఎనిమిదేళ్ళ నుంచీ. నీళ్ళు ఉప్పెక్కిపోయేయి. ఈ పిల్ల చెప్పింది నిజం."

ఇప్పుడు అడుగుతాడు, అనుకుంది ప్రసన్న. నీళ్ళెందుకు ఇలా అయిపోయేయని ఇప్పుడు అడిగితీరాలి. మన ఎకరం సంగతి వస్తుంది, తూము సంగతి వస్తుంది, సంతకం సంగతీ వస్తుంది.

దీపక్ చాలాసేపు ఆలోచించేడు.

"ఈమాత్రానికి ఇంత దాపరికం ఎందుకే అమ్మా" అన్నాడు చివరికి. ప్రసన్న వైపు తిరిగి, "నువ్వూ రేపట్నుంచి సోడా వెయ్యి" అన్నాడు. తర్వాత మజ్జిగ పోసుకున్నాడు.

పెరట్లో ప్రసన్న గిన్నెలు తోముతుంటే హన్నమ్మగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ముసలావిడ కొంగు ముడి విప్పి, పొట్లం అరుగు మీద పెట్టి, గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

"ఎవరికీ చెప్పొద్దన్నాను ఆ మంగరాజుకి" అన్నారు.

"అతనేం చెప్పలేదండి అత్తయ్యగారూ."

సోమవారం పొద్దున కుక్కరులో కందిపప్పు, బోరు నీళ్ళు, చిటికెడు పసుపు మాత్రమే పడ్డాయి. సాయంత్రం కంచం అంచున ఏం లేస్తుందో ప్రసన్నకి తెలుసు. ఐసు పెట్టెలో ఆరు సీసాల పక్కన ఏడో సీసా పెట్టింది. అత్తగారు వంటింటి కుళాయి కింద దాన్ని పట్టుకుంటే, మూత తను బిగించింది. ఫారంలో ఆరు వరసలే ఉన్నాయి. స్కేలు పెట్టి కింద ఏడో వరస గీసింది. బుజ్జిబాబు దీన్ని కొట్టేస్తాడు, బహుశా మార్చిలో తనని కూడా. అయినా రాసింది. స్థలం: మా వంటిల్లు. ఉప్పు: నాలుగు వేల మూడొందలు.

చివరి గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. గడి ఖాళీగా వదలకూడదు, అది నిబంధన.

కనిపించిన జీవులు: ఆడవాళ్ళు, ఇద్దరు.