మందను లెక్కపెట్టమన్న రోజు

రామలింగయ్య బడి ప్రభుత్వ గడియారాన్ని బట్టి కాక గొర్రెలను బట్టి నడిచేది. పెన్‌పహాడ్‌కు ఆవల ఉన్న ఆ పల్లెలో బడి ఈడు పిల్లలు ఎక్కువమంది గొర్రెల కాపరుల బిడ్డలు. పొద్దున మందతో వెళ్లి, పొద్దుగూకాక ఇల్లు చేరేవారు. ఎండ ముదిరాక మంద వాగులో నీళ్లు తాగి, కానుగ చెట్ల నీడన పడుకుని నెమరు వేస్తుంది. ఆ పిల్లలకు దొరికే తీరిక అదొక్కటే. రామలింగయ్య నల్లబల్లను భుజాన పెట్టుకుని ఆ నీడకే వెళ్లి పాఠం చెప్పేవాడు.

నిబంధన మాత్రం పదింటికి గంట కొట్టాలని, నాలుగింటిదాకా బడి గదిలోనే ఉండాలని. ఈ ఒక్క పల్లెకు బడి వేళ మార్చమని ఆయన 1949లో విద్యాశాఖకు అర్జీ పెట్టుకున్నాడు. మారిస్తే పిల్లలు చదువుతారు, లేకపోతే మానేస్తారు. అంతకు మించి అందులో వాదించవలసిందేమీ లేదు. అయినా శాఖకు విచారణ కావాలి గనుక ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా బయలుదేరారు. సూర్యాపేట బడిలో సైన్సు చెప్పే నన్ను తోడు రమ్మన్నారు.

ఆయన కోదాడకు అవతలి వారు, పోలీసు చర్య తర్వాత మిలటరీ ప్రభుత్వం వచ్చాక కొత్తగా ఈ పనిలో చేరినవారు. చెడ్డవారు కారు. విసుక్కోకుండా వాగుదాకా నడిచి, ఒక రాతి మీద కూర్చుని, పిల్లల చేత పుస్తకం చదివించారు. ముఖంలో సంతోషం కనిపించింది.

"బాగుందండీ రామలింగయ్య గారూ. ఇప్పుడు లెక్కలు. వాళ్ల బతుకులోంచే అడుగుతాను. బెదరకుండా చెబుతారు."

ముందు వరుసలో ఉన్న పిల్లను లేపారు. ఆమె పేరు సుక్కి, కాపరి బీరయ్య కూతురు.

"మీకు గొర్రెలు ఎన్ని ఉన్నాయమ్మా?"

సుక్కి తల దించుకుంది. "శానా ఉన్నయి సారూ."

"చాలా అంటే ఎన్ని?"

"మస్తుగ."

"దేవుడిచ్చినన్ని ఉన్నయి సారూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పిల్లలంతా నవ్వారు. ఇన్‌స్పెక్టరు గారు నవ్వలేదు.

"పోనీ, ఈ చెట్టు కింద పడుకున్నవి లెక్కపెట్టి చెప్పు."

"గొర్లను వద్దు సారూ. చింతగింజలు అడుగుండ్రి, చెప్త."

"గింజల లెక్క బట్టీ పట్టించారన్నమాట" అన్నారాయన నావైపు తిరిగి.

ఇంతలో చెట్ల వెనక నుంచి గొంతు వినిపించింది. "ఎవలయ్యా నా మందను లెక్కవెట్టమనేది? దిష్టి తగిలి రోగమొస్తే నువ్వు బాగుజేస్తవా?"

బీరయ్య. ఇన్‌స్పెక్టరు గారి కోటు కంటబడ్డాక గొంతు తగ్గించాడు గాని మాట తగ్గించలేదు. "దొరా, ఇంకేమన్న అడుగుండ్రి, పిల్ల చెప్తది. మందను మాత్రం మేం నోటితోని లెక్కవెట్టం. లెక్కవెడితే తగ్గుతది."

లెక్కపెడితే మంద తగ్గుతుందనడానికి నాకు ఏ ఆధారమూ తెలియదు. అది తప్పుడు నమ్మకమే. కాని ఆ పిల్లకు లెక్క వచ్చా రాదా అన్నది వేరే ప్రశ్న.

ఇన్‌స్పెక్టరు గారికి రెండూ ఒకటయ్యాయి. "ఉపాధ్యాయులై ఉండి మూఢనమ్మకానికి కొమ్ముకాస్తున్నారా?" అన్నారు.

"కొమ్ముకాస్తలేను సార్" అన్నాడు రామలింగయ్య. "మొదటి రోజే మందను లెక్కపెట్టుమంటే రెండో రోజు ఒక్కరూ రాకపోదురు. ముందు లెక్క నేర్వనీయండి. లెక్క వచ్చినంక ఆ భయం వాళ్లే ఇడిచిపెడ్తరు. దానికి జర టైం పడ్తది."

నేనూ ఊరుకోలేదు. "ఒక్క ప్రశ్నతో తేల్చడం పరీక్ష అనిపించుకోదండీ. తక్కెడ వంకరగా ఉంటే సరుకును తప్పు పట్టలేం కదా. వాగులో గులకరాళ్లున్నాయి, వాటితో అడగండి."

ఆయన గడియారం చూసుకున్నారు. "లేదండీ, వర్జ్యం వచ్చేస్తోంది. ఈలోపు బయలుదేరిపోవాలి. మిర్యాలగూడ దారిలో ఇంకో బడి చూడాలి."

నా ఒళ్లు మండింది. కాపరి పిల్ల దిష్టికి భయపడితే అది అజ్ఞానం. అధికారి వర్జ్యానికి భయపడి రెండో ప్రశ్న అడగకుండా లేచిపోతే దానికి పేరే లేదు.

జీపు కదులుతుంటే సుక్కి వెంట పరుగెత్తుకొచ్చింది. "ఏడు తొమ్మిదులు అరవై మూడు సారూ! ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు!" దుమ్ములో ఆ గొంతు నాకు వినిపించింది. ఇన్‌స్పెక్టరు గారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

తీర్పు త్వరలోనే వచ్చింది. పిల్లలకు లెక్కలు రావు గనుక వేళ మార్చనక్కరలేదు, గంట పదింటికే కొట్టాలి.

ఆపైన సూర్యాపేటలో ఉపాధ్యాయుల సభ జరిగింది. మిర్యాలగూడ దారిలోని ఆ రెండో బడి పంతులుకు శాలువా కప్పారు. తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు గారితో పాటు ఆ బడిని నేనూ చూశాను. పిల్లలంతా ఒక్క గొంతుతో ఎక్కాలు చెప్పారు. ఒక్కణ్ణి పక్కకు పిలిచి మధ్యలోంచి అడిగితే బిక్కమొహం వేశాడు. ఆ పంతులు మాకు పెట్టిన నాటుకోడి కూర మాత్రం చాలా బాగుంది.

శాలువా కప్పాక ఇన్‌స్పెక్టరు గారు వేదిక మీద సరదాగా వాగు సంగతి ఎత్తుకున్నారు. "రోజంతా గొర్రెలతోనే ఉంటారు, ఎన్నున్నాయంటే తెలియదు! పైగా చింతగింజలైతే చెబుతామంటారు." సభ గొల్లుమంది. నవ్విన వారంతా పంతుళ్లే. తనిఖీ రోజున పక్క ఊరి పిల్లలను అరువు తెచ్చి బల్లలు నింపుకునేవారు కూడా అందులో ఉన్నారు.

రామలింగయ్య లేచి నిలబడ్డాడు.

"నవ్వుండ్రి. పదింటికి గంట కొడుతున్న. గదిల నేనొక్కణ్ణే ఉంటున్న. రేపు పిల్లలు లేరని బడి ఎత్తేస్తే అప్పుడు గూడ నవ్వుండ్రి." తర్వాత వేదిక వైపు తిరిగాడు. "సార్, నాకు శాలువా వద్దు. ఆ పిల్లను ఇంకొక్క ప్రశ్న అడగండి, అంతే."

"కూర్చోండి. సభామర్యాద తెలియదా?"

ఆయన కూర్చోలేదు. బయటికి నడిచాడు. నేనూ లేచి వెంట వెళ్లాను. మా వెనక చప్పట్లు మొదలయ్యాయి. అవి మా కోసం కావు.

సభలో ఎదురు చెప్పినందుకు ఆయనను కోదాడకు బదిలీ చేశారు. ఆఖరి రోజున నేను ఆ పల్లెకు వెళ్లేసరికి బడి గదికి గొళ్లెం పెట్టి ఉంది. వాగు దగ్గరికి నడిచాను. మంద నీడన పడుకుని ఉంది, పిల్లలు పలకలతో కూర్చున్నారు. సుక్కి తల్లి బాలనర్సమ్మ ఆయనతో మాట్లాడుతోంది.

"కొత్త పంతులు గొర్లు పండే యాళ్లకు వస్తడా?"

"రాడమ్మా. పదింటికి వస్తడు. గదిల ఉంటడు."

"పదింటికి మా పోరగాండ్లు అడివిల ఉంటరని సర్కారుకు ఎరుక లేదా?"

"చెప్పిన."

"చెప్పినంక గూడనా?"

రామలింగయ్య నల్లబల్లను కానుగ మొదలుకు ఆనించి, తడిగుడ్డతో తుడిచి, భాగహారం రాయడం మొదలుపెట్టాడు. నిబంధన ప్రకారం అది ఆయన ఖాళీ గదిలో ఉండవలసిన వేళ.