సీసాలో నీళ్ళు

మా కొట్టుకి వచ్చేవాళ్ళు చేతిలో సీసా పట్టుకుని రావాలి. అది మా మామయ్య పెట్టిన నియమం. చేపలు పట్టబోయే చోటి నీళ్ళు, ఆ పూటవే, సీసాలో తేవాలి. తేకపోతే ఎంత బతిమాలినా జిగ్గు ఇవ్వరు. "కాలు చూడకుండా చెప్పులిస్తారా ఎవరైనా?" అని కసురుతారు.

జిగ్గంటే ఏమీ లేదు. గాలపు ముల్లుకి సీసంతో తల పోసి, వెనక ఈకలతోనో రబ్బరు పోగులతోనో కుచ్చు కడతాం. నీళ్ళలోకి వదిలి పైకీ కిందకీ ఆడిస్తే, చేప దాన్ని చిన్న ప్రాణి అనుకుని నోట కరుచుకుంటుంది. లోతున్నా గాలి వీస్తున్నా బరువైనది వాడాలి. నీళ్ళు నిలకడగా ఉంటే తేలికది చాలు, నెమ్మదిగా దిగుతుంది. చలికాలం చేపకి బద్ధకం కాబట్టి చిన్నది. ఇక రంగంతా నీళ్ళని బట్టే. బురద నీళ్ళలో నలుపైతేనే చేపకి ఆకారం తెలుస్తుంది. తేట నీళ్ళకి లేత గోధుమ రంగు. అక్కడ నల్లది వేశామో, చేప హడలిపోయి మళ్ళీ ఆ ఛాయలకి రాదు.

ఇదంతా నేను కోడలిగా వచ్చిన కొత్తలో మామయ్య నేర్పిన విద్య. "వంట నీ ఇష్టం, ముడి మాత్రం నేను చెప్పినట్టే వెయ్యాలి" అన్నారు. వంట నాకు ఇప్పటికీ రాదు. ముడి మాత్రం కళ్ళు మూసుకుని వేస్తాను.

ఈ వేసవిలో నల్ల కుచ్చులు కట్టలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. నల్ల సొరుగు వారానికోసారి ఖాళీ అయ్యేది. గోధుమ రంగు సొరుగేమో నిండిపోయి మూసుకోవడం లేదు. వాన చినుకు పడి రెండు నెలలైంది, ఇంత బురద ఎక్కణ్ణించి వస్తోందని విసుక్కున్నాను గానీ, అంతకు మించి ఆలోచించలేదు.

ఒక ఉదయం పోస్ట్‌మాన్ బాబాయి వచ్చాడు. రిటైరైనప్పటి నుంచి రోజూ రిజర్వాయరు గట్టు మీదే ఉంటాడు. మామయ్య ఆయన సీసాని కిటికీ దగ్గర పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"బురద బాగా ఉందోయ్. నల్లది, ఇరవై గ్రాములది పట్టుకుపో."

నేను ఎదురుగా స్టూలు మీద ఉన్నాను. సీసాలోంచి కిటికీ చువ్వలు నాలుగూ స్పష్టంగా కనబడుతున్నాయి. హాస్యమాడుతున్నారేమో అనుకుని మామయ్య మొహం చూశాను. నవ్వు లేదు.

బాబాయి వెనకాలే వీధిలోకి పరిగెత్తాను. "బాబాయ్, చేపలు పడుతున్నాయా?"

"ఎక్కడమ్మా! నెలైంది ఒక్కటి పడి. మీ మామయ్య ఇచ్చేది సరైందే, నా చెయ్యే వణుకుతోందేమో."

"మరి ఆ నీళ్ళు తేటగానే ఉన్నాయిగా?"

"నాకూ అట్లాగే అనిపించింది. ఆయన బురదంటే బురదే కాబోలనుకున్నా."

నాకు ఒళ్ళు మండింది. తన కళ్ళు తనకి ఉన్నాయి కదా ఈ మనిషికి! కానీ ఆయన్ని అని ఏం లాభం? ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని నేనేం చూశాను? మామయ్య ముడులు చెడలేదు, అవి వేళ్ళకి వచ్చిన పని. ఇంట్లో నడక అలవాటైనదే. పేపరు చదవడం మానేసి "రోజూ అవే వార్తలు" అంటే, నిజమే కదా అనుకున్నాను. నిజంగా సిగ్గేసింది.

చెబుదామంటే ఆయనకి ముక్కు మీద కోపం. పోయినేడు మా ఆయన కంటి డాక్టరు మాటెత్తితే నాలుగు రోజులు మాట్లాడలేదు. చెప్పకపోతే, మిగిలిన చూపూ పోతుంది, ఈ కొట్టుని నిలబెట్టిన ఆయన మాటకున్న విలువా పోతుంది. మింగలేక కక్కలేక రెండు రోజులు గడిపాను.

మూడో రోజు పొద్దున వంటింట్లో ఫిల్టరు నీళ్ళు సీసాలో పట్టి తెచ్చాను. "ఎవరో కొత్తాయన ఇచ్చి వెళ్ళాడు మామయ్యా, మధ్యాహ్నం వస్తాట్ట" అని అబద్ధమాడాను.

ఆయన చాలాసేపు చూశారు. "ఇది మరీ బురద. నల్లదే ఇవ్వు. కుచ్చు పెద్దదుండాలి."

సీసా తీసుకుని, మూత విప్పి, గటగటా తాగేశాను.

"ఏయ్, ఏయ్! బురద నీళ్ళు తాగుతావేంటి, మతి పోయిందా?" కంగారుగా లేచేసరికి ఆయన కుర్చీ వెనక్కి పడింది.

"మన వంటింటి నీళ్ళే మామయ్యా."

ఆయన చెయ్యి చాచారు. సీసా అందించాను. వాసన చూసి, ఒక గుక్క తాగి, నెమ్మదిగా మూత పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సొరుగుల్ని బట్టి చూస్తే, రెండు నెలలుంటుంది."

అరుస్తారనుకున్నాను. అరవలేదు. తడుముకుంటూ గోధుమ రంగు సొరుగు లాగి, నిండా ఉన్న కుచ్చుల మీద అరచెయ్యి పెట్టారు. "ఇంతమందిని ఉత్త చేతుల్తో ఇంటికి పంపించానా?" అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడుపాపు. పోస్ట్‌మాన్‌ని రమ్మను. తప్పు నాదని నేనే చెప్తాను. చెప్పాక డాక్టరు దగ్గరికి వెళ్దాం."

మధ్యాహ్నం బాబాయి ఎప్పటిలాగే సీసాతో వచ్చాడు. విషయం విని, చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. మామయ్య సీసా అందుకున్నారు, కానీ కిటికీ వైపు తిరగలేదు. బల్ల మీదుగా నా వైపు జరిపారు.

"నువ్వు చూసి చెప్పమ్మా."

కొట్టుకొచ్చిన సీసాని నేను పైకెత్తి చూడటం అదే మొదటిసారి. "తేటగా ఉన్నాయి మామయ్యా. ఇందులోంచి మీరు కూడా కనబడుతున్నారు."

"ఎలా ఉన్నానేంటి?"

"చొక్కా తిరగేసి తొడుక్కున్నారు."