లిఫ్టు మెకానిక్కు దొరికిన పునీతుడు

పొద్దున పూజ అవగానే చర్చి గుమ్మం దగ్గర ఒకటే హడావిడి. ఎవరి వృత్తిని కాపాడే పాలక పునీతుణ్ణి వాళ్లు వెంటబెట్టుకుని పనికి పోవాలిగా! పళ్ల డాక్టరమ్మ స్కూటరు వెనక ఆవిడ పునీతురాలు పట్టకారుతో సహా ఎక్కి కూర్చుంటుంది. వంటమాస్టరు పునీతుణ్ణి ఒకప్పుడు ఇనపచట్రం మీద కాల్చి చంపారు, పాపం. ఆయన పొయ్యికి ఆమడ దూరం నుంచే ఉప్పూకారం చూస్తాడు. తేనెటీగలు పెంచేవాళ్లకీ ఒకాయన ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే అమ్మాయికే ఎవరూ లేరు.

"మా పనేమన్నా తక్కువా ఫాదర్?" అని ఆ రోజూ గొడవ పెట్టుకుంది.

ఫాదర్‌గారు జాబితా అంతా తిరగేశారు. "ఖాళీగా ఒక్కరే ఉన్నారమ్మా. ఏళ్ల తరబడి స్తంభం మీద నిలబడి తపస్సు చేసినాయన. ఎత్తుల సంగతి తెలిసినవారేగా, తీసుకుపో."

ఆయనతో వేగడం మాటలు కాదు. ఎక్కడ నిలబడి ప్రార్థన మొదలెట్టినా కాళ్ల కింద స్తంభం మొలిచి పెరుగుతుంది. బస్టాపులో మొలిస్తే కండక్టరు నిచ్చెన తెచ్చి దించాల్సి వచ్చింది.

బస్సెక్కారో లేదో, అన్నయ్య ఫోను.

"ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయిందే! మీ వదిన లోపలుంది, నొప్పులు ఆగట్లేదు!"

నిన్ననే ఆ లిఫ్టు చూసి, అంతా బాగుందని సంతకం పెట్టింది ఈ అమ్మాయే.

పునీతుణ్ణి వెంటబెట్టుకుని పరుగెత్తుకుంటూ వెళ్లింది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుంది లిఫ్టు. కాన్పుల గది మూడో అంతస్తులో. మోటారు కాలిపోయింది. కిందికి జారకుండా బ్రేకులు బిగుసుకున్నాయి. పైకి నెడితే కదులుతుంది, కానీ నెట్టేదెవరు?

"వదినా, వచ్చేశా!"

"వచ్చి ఏం లాభమే! నీ మేనకోడలో మేనల్లుడో ఈ డబ్బాలోనే పుట్టేట్టుంది!"

అమ్మాయి ఒక్క ఉదుటున కిందికి దిగి, లిఫ్టు కింద ఉండే గుంటలోకి పునీతుణ్ణి దించి, తనూ దూకింది.

"ప్రార్థన చేసుకోండయ్యా, త్వరగా!"

"ఇక్కడి నుంచి ఆకాశం కనపడదే తల్లీ?"

"పైన మా వదిన ఉంది. చాలదా?"

ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. స్తంభం లేచింది. మొదటి అంతస్తు దాటింది, రెండోదీ దాటింది. అరచేతులు లిఫ్టు అడుగును తాకాయి. బ్రేకులు కిర్రుమన్నాయి, లిఫ్టు కదిలింది! అబ్బ, ఆ కేకలు, ఆ చప్పట్లు! మూడో అంతస్తులో నర్సులు తలుపు లాగి వదినను ఎత్తుకుపోయారు.

అమ్మాయి గుంటలోంచి తలెత్తి అరిచింది.

"అయ్యా, ఇక దిగుతారా?"

"ఉండమ్మా, ఏడుపు వినపడుతోంది."

అప్పుడు తనకీ వినపడింది. ఆడపిల్లో మగపిల్లాడో తెలియకుండానే, స్తంభాన్ని కావలించుకుని తనూ భోరున ఏడ్చేసింది.